తేనెరాతి సభ తలుపు

కొన్నాళ్ళ పాటు మా ఇంట్లో తలుపుల గురించి రోజూ గొడవే. మా అబ్బాయి రుత్విక్ ఏ తలుపూ మూయనిచ్చేవాడు కాదు. స్నానానికి వెళ్ళినా తలుపు సందులో చెప్పు అడ్డం పెట్టుకునేవాడు. మా అమ్మాయి చందన తీరు వేరు. ఏ గదిలోకి వెళ్ళినా ముందు గొళ్లెం ఆడించి చూసేది, అది లోపలి నుంచి పడుతుందా, బయటి నుంచి పడుతుందా అని. గదిలో తమ్ముడుంటే గడప దాటేది కాదు. చిన్నపిల్లలేం కాదు, ఆమె ఎమ్మెస్సీ అయిపోయింది, వాడు డిగ్రీ చదువుతున్నాడు. ఇద్దరికీ పిచ్చి లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా చుట్టాలు అప్పుడే ఏవేవో దర్గాల పేర్లు, స్వాముల పేర్లు నా చెవిన వేశారు.

వాళ్ళకున్నది జ్ఞాపకం. ఎన్నడూ జరగని ఒక సంగతి తాలూకు జ్ఞాపకం. ఆ సంగతిని కల్పించి రాసింది వాళ్ళమ్మ, అంటే నా భార్య స్వరూప.

నా పేరు ఓదెలు. హన్మకొండలో ఫ్లెక్సీ షాపు నడుపుతాను. ఊళ్ళో ఉన్న అన్ని పార్టీలవీ, ఆ పార్టీల్లో ఉన్న అన్ని వర్గాలవీ ఫ్లెక్సీలు నా మిషన్ మీదే దిగుతాయి. పొద్దున ఒకాయన వచ్చి, అవతలి వర్గం నాయకుడి బొమ్మ కంటే తన బొమ్మ జానెడు పెద్దగా ఉండాలని పట్టుబడతాడు. సాయంత్రం ఆ ఇద్దరూ నా షాపు ముందు బల్ల మీదే కూర్చుని చాయ్ తాగుతారు. వర్గాలంటే ఇంతేననుకుని బతికినవాణ్ణి నేను. అందుకే స్వరూప తన కథలో రాసిన కిన్నెర వర్గాల కొట్లాటలు చదివి నవ్వుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

స్వరూప ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేది. చేరేవాళ్ళు లేరని కాలేజీవాళ్ళు ఆ సబ్జెక్టే ఎత్తేశారు. ఈమె ఊరుకునే మనిషి కాదు, ఇంట్లో కూర్చుని లేని దేశానికి చరిత్ర రాయడం మొదలుపెట్టింది. దాన్నుంచి ఏడుకోనల ఆట పుట్టింది. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట అది. సూత్రధారిగా ఒకరు పరిస్థితి చెబుతారు. మిగతావాళ్ళు తలా ఒక కిన్నెరై, నేనిలా చేస్తాను, నేనిలా అంటాను అని చెబుతారు. చేసింది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఆదివారం వచ్చిందంటే మా డాబా మీద కుర్రకారంతా చేరి రాజ్యాలు కూల్చేవాళ్ళు. నేను వాళ్ళకు ఏడుకోనల పటం ఫ్లెక్సీ మీద ప్రింటు తీసి ఇచ్చాను, అదొక్కటే నా వంతు.

ఆమె కిన్నెరలు మనుషుల్లా ఉండే వేరే జాతి, కోనల్లో ఉంటారు. ముసలివాళ్ళు కారు. అబద్ధం ఆడలేరు, ఆడితే గొంతు శాశ్వతంగా పోతుంది. వాళ్ళలో రెండు పక్షాలు. కోనల దారులు తెరిచి మనుషులతో కలిసి బతకాలనేవాళ్ళు తొలిపొద్దువారు. మనిషి అడుగుపెట్టిన చోట అడవి మిగలదు, దారులు మూసేయాలనేవాళ్ళు మలిపొద్దువారు. తరాల తరబడి కొట్టుకుని, చివరికి సంధికి ఒప్పుకుని, తేనెరంగు రాతితో కట్టిన సభలో విందుకు కూర్చున్నారు. పిల్లాజెల్లాతో సహా వచ్చారు. వంటకు మాత్రం ఏ పక్షానికీ చెందని, మనుషుల జాతికి చెందిన ఒక ఆడదాన్ని పిలిపించుకున్నారు. విందు మధ్యలో ఎవరో బయటి నుంచి తలుపుకు గొళ్లెం పెట్టి నిప్పంటించారు. రెండు పక్షాల పిల్లలూ లోపలే కాలిపోయారు. ఏ కొద్దిమందో పైకప్పు పగలగొట్టుకుని బయటపడ్డారు.

గొళ్లెం ఎవరు పెట్టారో స్వరూప రాయలేదు. కావాలనే వదిలేసింది. ఇలాంటి ఆటలు రాసేవాళ్ళ పద్ధతే అంతట, అసలు ముడి విప్పకుండా ఉంచుతారు. ఆడే ప్రతి గుంపూ తన ఆటలో తానే దోషిని కనిపెట్టుకోవాలి. అది తెలిసిపోతే ఆటేముంది అనేది ఆమె. ఆ ఖాళీని చూసుకుని ఎంత మురిసిపోయేదో.

ఆదివారాలు వచ్చేవాళ్ళలో డాక్టర్ జలంధర్ ఒకాయన. మెదడు మీద పరిశోధన చేస్తాడు. మూతపడిన ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తులో ఆయన ల్యాబు. మనిషి మంచివాడే, కాకపోతే ఏ పనైనా చేయగలనని తెలిస్తే చేయకుండా ఉండలేడు. ఒకరోజు మా ఇంట్లో మిర్చీలు తింటూ అన్నాడు, "మేడం, మీరు గంత చరిత్ర రాస్తిరి, ఆడెటోళ్ళు ఒక్కలన్న సదువుతున్నరా? నేను పట్టీ ఒకటి తయారు చేసిన. నుదుటికి కట్టుకుని జెరసేపు కునుకు తీస్తే సాలు. సదివినట్టు కాదు, చూసినట్టే యాదికుంటది."

రాసేవాళ్ళకు ఇంతకంటే ఆశ చూపించక్కర్లేదు. ముందు ఎవరు కట్టుకోవాలన్న ప్రశ్న కూడా రాలేదు, మా పిల్లలిద్దరూ నేనంటే నేనని ఎగబడ్డారు. ఆటలో చందన ఎప్పుడూ తొలిపొద్దు పక్షం, రుత్విక్ మలిపొద్దు పక్షం. ఎవరి పక్షం చరిత్ర వాళ్ళకు ఎక్కించారు. నేనూ వెళ్ళాను చూడ్డానికి. అద్దం అవతల రెండు కుర్చీల్లో ఇద్దరూ నిద్రపోతున్నారు. ఏదో పెళ్ళికి వెళ్ళి అలిసిపోయి వచ్చినట్టున్నారు, అంతే.

చందన ముందు లేచింది. లేస్తూనే ఒక జోలపాట పాడింది. స్వరూప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమయ్యా, ఆ పాట నేను ఒక్క చరణమే రాసిన. మిగతాది ఇది యాడికెళ్ళి తెచ్చింది?"

జలంధర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అదే గద మేడం ఇండ్ల గొప్ప. జ్ఞాపకం అన్నంక తొర్రలుండయి. మీరు రాయని కాడ మెదడే నింపుకుంటది."

అప్పుడు మా ముగ్గురిలో ఒక్కరికైనా తట్టి ఉండాల్సింది, పాట ఒక్కటే నింపుకుని ఊరుకుంటుందా అని. తట్టలేదు. దారిలో మిఠాయి కొనుక్కుని ఇంటికి వచ్చాం.

మొదటి రెండు మూడు రోజులు సరదాగానే గడిచాయి. కోనల సంగతులు ఒకరికొకరు చెప్పుకుని ఆశ్చర్యపోయేవాళ్ళు. తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర సంధి విందు మాట వచ్చింది. రుత్విక్ ముద్ద చేతిలో పట్టుకునే, చాలా మామూలుగా అన్నాడు.

"మీవోళ్ళు గొళ్లెం ఎయ్యంగ నేను చూసిన అక్కా. కిటికీల నుంచి కనవడ్డది."

చందన తల ఎత్తలేదు. "ఏసింది మీవోళ్ళు. చెయ్యి కూడా కనవడ్డది నాకు. ఎందుకు తమ్మీ అట్ల చెప్తవ్?"

"నేను అబద్ధం చెప్త లేను."

"నేను చెప్తున్ననా?"

కిన్నెరలు అబద్ధం ఆడలేరు కదా, ఆ నమ్మకం కూడా చరిత్రతో పాటే ఎక్కింది. ఎవరికి వాళ్ళకు తాము చెప్పేది నిజమని ఖాయం. ఇక అవతలివాళ్ళు ఏమిటి? గొంతు పోకుండా అబద్ధమాడగలిగినవాళ్ళు, అంటే కిన్నెరల్లోనే పుట్టని రాక్షసజాతి. అన్నం సగంలో వదిలేసి ఇద్దరూ లేచిపోయారు.

స్వరూప వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి నచ్చజెప్పబోయింది. "అరేయ్, నేను రాసిన కథ అది. గొళ్లెం ఎవ్వలు పెట్టలె. నేను రాయనే లేదు."

చందన ఆమెను జాలిగా చూసింది. "తలుపు దానంతట అదే పడ్డదా అమ్మా?"

"తలుపే లేదు బిడ్డా. అది కాగితం."

"కథ అని నాకు ఎర్కనే. నువ్వే రాసినవని ఎర్కనే. అయినా నా చేతుల మీద సచ్చిపోయిన పిల్ల బరువు ఎర్కయితున్నది. నేనేం చెయ్యాలె చెప్పు." అని రెండు చేతులూ చాపి చూపించింది. ఆ చేతులు చూసి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పరాయివాళ్ళ పిల్లలు కాదు వీళ్ళు. ఇంటర్లో తప్పిన తమ్ముణ్ణి నేను కొట్టబోతే అడ్డం వచ్చి ఆ దెబ్బ తాను తిన్న పిల్ల చందన. అలాంటిది వాడి కంచం పక్కన తన కంచం పెట్టనిచ్చేది కాదు.

నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుందన్నాను. వర్గాలు సర్దుకోవడం నేను చూడనిదా అనుకున్నాను. కానీ నా షాపు ముందు చాయ్ తాగే నాయకులకు ఒకరి చేతిలో ఒకరి పిల్లలు చచ్చిన జ్ఞాపకం లేదు కదా.

ఒకరోజు కలెక్టరాఫీసు దగ్గర ఫ్లెక్సీలు కట్టించి షాపుకు వచ్చేసరికి, వెనక స్టోరు గది ముందు చందన నిలబడి ఉంది. గదికి బయట గొళ్లెం. లోపల రుత్విక్ తలుపు బాదుతున్నాడు. ఇంకు, సాల్వెంట్ డబ్బాలు ఉండే గది అది, అక్కడ మేం బీడీ కూడా తాగనివ్వం. చందన చేతిలో అగ్గిపెట్టె ఉంది. గీయలేదు. పట్టుకుని నిలబడింది, తల ఒకపక్కకు వంచి వింటోంది.

"చందనా."

"విను బాపూ," అంది. "ఆ పిల్లలు కూడా గిట్లనే మొత్తుకున్నరు. వానికి తెల్వాలె గద."

అగ్గిపెట్టె లాక్కుని గొళ్లెం తీశాను. రుత్విక్ బయటికి వచ్చి నేల మీద కూలబడ్డాడు. అక్కను తిట్టలేదు, కొట్టలేదు. "చూసినవా బాపూ, ఎవలు గొళ్లెం పెట్టెటోళ్ళో ఇప్పుడన్న తెలిసిందా?" అన్నాడు. అప్పుడు చందన తన చేతి వంక చూసుకుంది. నేను చాలా ఏళ్ళుగా ఎత్తుకోని నా కూతుర్ని ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టాను.

ఆ సాయంత్రమే నేనూ స్వరూపా ల్యాబుకు వెళ్ళాం. జలంధర్‌ను నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆయన తల వంచుకుని అన్నీ పడ్డాడు.

"తీసెయ్యి," అన్నాను. "పెట్టింది నువ్వే గద, నువ్వే తియ్యి."

"తియ్యరాదు ఓదెలన్నా. కూరల ఉప్పు ఎక్కువైతే తీస్తమా? ఇంకేదన్న కలుపుడే."

"ఏం కలుపుతవ్?"

ఆయన స్వరూప వైపు తిరిగాడు. "మీరు ఖాళీ పెట్టిన కాడనే పుండు పుట్టింది మేడం. అక్కడ జవాబు రాయుండ్రి. ఇద్దరికీ ఒకటే జవాబు ఎక్కిద్దాం. అప్పుడు ఇద్దరి యాదీ కలుస్తది."

స్వరూప కిటికీ దగ్గరకు వెళ్ళింది, మళ్ళీ వచ్చింది, కూర్చుంది, లేచింది. "తొలిపొద్దోళ్ళు చేసిన్రని రాస్తే నా బిడ్డ జీవితమంతా పిల్లల్ని సంపినట్టు బతుకుతది. మలిపొద్దోళ్ళని రాస్తే నా కొడుకు గట్ల బతుకుతడు. ఏది రాయమంటవ్ జలంధర్?"

"బయటోడని రాయి," అన్నాను నేను. "ఎవడో దొంగ. దారిన పోయెటోడు. ఊరూ పేరూ లేనోడు."

జలంధర్ తల అడ్డంగా ఊపాడు. కొత్త మొహాన్ని మెదడు నిలుపుకోదట. ఆ విందులో ఇద్దరూ ముందే చూసిన మొహం కావాలి, ఇద్దరికీ ఒకే మొహం కావాలి. అలాంటిది ఉందేమోనని, గొడవ సంగతి విన్నప్పుడే ఆయన పిల్లలిద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి ఆ విందు మొత్తం చెప్పించుకున్నాడట. కూర్చున్నవాళ్ళు వేరు, పాడినవాళ్ళు వేరు, ఏదీ కలవలేదు. ఒక్క మనిషి మాత్రం ఇద్దరి విందులోనూ ఉంది.

"వంటామె," అన్నాడు జలంధర్. "మేడం ఆమెకు మొహం రాయలె. పిల్లలు వాళ్ళే ఇచ్చుకున్నరు. బూరెలు ఒడ్డించే చెయ్యి, ఎడమ మణికట్టు మీద నూనె చింది కాలిన మచ్చ. ఇద్దరూ గదే చెప్పిన్రు."

స్వరూప ఎడమ చేతిని చీరకొంగు కింద దాచుకుంది.

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక కుర్చీ తన్ని లేచాను. "వద్దు. నా మొహం పెట్టు. నన్ను విందుల కూసోబెట్టు, నేను పెడ్త గొళ్లెం. వాళ్ళకు నా మీద ఎట్లైనా కోపాలున్నయి."

"నువ్వు విందుల లేవన్నా. ఇద్దరిట్ల ఎవ్వలూ నిన్ను చూడలె," అన్నాడు జలంధర్. ఆ మాట అంత బాధ పెడుతుందని నేను అనుకోలేదు.

"నేనున్న," అంది స్వరూప.

"స్వరూపా, తర్వాత తియ్యరాదంటున్నడు విన్నవా? నిన్ను కన్నతల్లి అనుకుంటరు, మళ్ళ పిల్లల్ని కాల్చిన దానివి అనుకుంటరు. రెండూ ఒక్కసారే అనుకుంటరు. ఎట్ల బతుకుతవే?"

"ఇయ్యాల అది అగ్గిపుల్ల గీసి ఉంటే ఎట్ల బతికెటోళ్ళం?" అంది. గొంతు పెంచలేదు. "ఖాళీ పెట్టింది నేను. వాళ్ళల్ల ఒక్కల మొహం అండ్ల నేను పెట్టలేను. నీకు చాతనైతదా? అయితే చెప్పు, ఎవలిది పెడ్దమో."

నేను తన్నిన కుర్చీ ఎత్తి ఆమె ముందు వేశాను.

ఆమె అక్కడే కూర్చుని రాసింది. ఇంత చరిత్ర రాసిన మనిషికి ఆ కాస్త రాయడానికి ఎంత అవస్థో. వంటామె పాత్రలు తీసుకుని బయటికి వచ్చింది, చుట్టూ చూసింది, గొళ్లెం పెట్టింది, పొయ్యిలోని కొరివి తీసుకుంది. మనుషులకు కోనలు కావాలి, రెండు పక్షాలూ ఒక్కటైతే అవి ఇక ఎన్నటికీ దక్కవు, అందుకు. కారణం లేకపోతే నిలవదని జలంధర్ అన్నాడు. ఆమె కారణం కూడా పెట్టింది. లోపలి నుంచి పిల్లలు పిలిస్తే వంటామె ఆగిందని ఒక వాక్యం రాసి, మళ్ళీ కొట్టేసింది. ఆగితే, చేసింది ఆ వంటామేనా అన్న అనుమానం వాళ్ళకు మిగులుతుంది, అనుమానం మిగిలితే మళ్ళీ ఒకరినొకరు చూసుకుంటారు అంది.

మళ్ళీ పట్టీ కట్టుకోవాలంటే పిల్లలు ఒప్పుకోవడానికి ఒక్క నిమిషం పట్టలేదు. "నిజం తెలుస్తదా?" అని అడిగాడు రుత్విక్. "తెలుస్తది," అన్నాను. నేను కిన్నెరను కాదు కదా, నా గొంతుకు ఏమీ కాలేదు.

మర్నాడు పొద్దున పట్టీలు కట్టారు. స్వరూప లోపలికి రాలేదు, ఇంట్లోనే ఉండిపోయింది. నేను అద్దం అవతల నిలబడ్డాను. ఈసారి రుత్విక్ ముందు లేచాడు. కళ్ళు తెరిచి, పక్క కుర్చీలో నిద్రపోతున్న అక్క వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె లేచి కూర్చుంది. వాడు ఏడుస్తుంటే చందన తన చున్నీతో వాడి మొహం తుడిచింది. జలంధర్ నా భుజం తట్టబోయాడు, నేను పక్కకు జరిగాను. సంతోషించాలో ఏడవాలో తెలియక నా ప్రాణం కొట్టుకులాడింది.

ఇంటికి వచ్చాం. స్వరూప వాకిట్లోనే ఉంది. పిల్లలిద్దరూ గేటు దగ్గర ఆగిపోయారు. చందన చేత్తో తమ్ముణ్ణి తన వెనక్కి నెట్టింది. వాడిప్పుడు ఆమె కంటే పొడుగు, అయినా వెనక్కి నెట్టింది.

"ఇద్దరూ అన్నం తినుండ్రి," అంది స్వరూప. "బూరెలు చేసిన."

రుత్విక్ పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

తర్వాత చందన నన్ను గేటు బయటికి పిలిచి చెప్పింది. "నాకు అంతా ఎర్కనే బాపూ. అమ్మనే. నాకు జరమొస్తే రాత్రంతా కూసున్న అమ్మనే. అయినా ఆ చెయ్యి చూస్తుంటే నాకు సంపాలన్పిస్తున్నది. మేము ఈడ ఉండం. ఉంటే ఏమన్న చేస్తం."

"ఎక్కడికి పోతరు?"

"పెద్దత్త ఇంటికి. కాజీపేటలనే గద. తమ్మి నాతోనే ఉంటడు. వాణ్ణి నేను చూసుకుంట, నువ్వు రంది వడకు."

అలా అన్నది తమ్ముణ్ణి స్టోరు గదిలో పెట్టి గొళ్లెం వేసిన పిల్ల. ఇద్దరూ బట్టలు సర్దుకున్నారు. ఒకరి బట్టలు ఒకరు మడతపెట్టారు. వాడి ఇయర్‌ఫోన్లు మర్చిపోతే ఆమె గుర్తుచేసింది. ఆ కాసేపూ స్వరూప వంటింట్లోంచి బయటికి రాలేదు, వాళ్ళకు ఎదురుపడకూడదని. నేను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతూ ఉన్నాను, ఎక్కడా కూర్చోలేక.

రుత్విక్ స్కూటీ తీశాడు, చందన వెనక కూర్చుంది. అది కదిలాక స్వరూప ముందుగదిలోకి వచ్చి కిటికీ కర్టెన్ కొద్దిగా జరిపింది. నేనూ వెళ్ళి వెనక నిలబడ్డాను. వీధి మలుపు దగ్గర గుంత ఉంది, అక్కడ బండి ఊగింది.

"చూసినవా," అంది స్వరూప. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. నా చొక్కా పట్టుకుని కిటికీ దగ్గరకు లాగింది. "చూసినవా ఓదెలూ, పడ్తనని వాని భుజం పట్టుకున్నది."